పాత సత్రంలో అద్దకం పని పెట్టుకునేవాళ్ళకి: గోడ దగ్గర్నుంచి గుడ్డ దాకా

ఊళ్ళో పాత సత్రమో చావిడో మూతబడ్డ గ్రంథాలయమో ఎవరో పూనుకుని బాగు చేయించారు, ఇప్పుడు ఖాళీగా ఉంది, అందులో చేతిపని ఏదైనా పెడదాం అనిపించిందనుకోండి, అగ్రిమెంటు రాసుకోకముందే ఒక ముసురు రోజు చూసుకుని ఆ బిల్డింగ్‌లో పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చోండి. చాప తీస్కెళ్ళండి, క్యారేజీ కట్టుకెళ్ళండి, కానీ కూర్చోండి. పైనుంచి ఎక్కడ కారుతోంది, జల్లు ఏ కిటికీలోంచి లోపలికి కొడుతోంది, మండువాలో పడ్డ నీళ్ళు ఎంతసేపటికి బయటికి పోతున్నాయి, మధ్యాన్నం మూడింటికి ఏ గదిలో వెలుతురు ఉంది, గోడకి కిందనుంచి ఎంత ఎత్తు చెమ్మ ఎక్కింది, ఇవన్నీ ఆ ఒక్క రోజులో తెలిసిపోతాయి. మేం మాత్రం ఏప్రిల్‌లో చూసి, చల్లగా ఉంది బాగుంది అని సంబరపడి తాళాలు తీసుకున్నాం, ఆగస్టు వచ్చేసరికి గుడ్డ తానులు ఎక్కడ పెట్టాలో తెలీక ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకుంటూ తిరిగాం.

మాది కృష్ణా జిల్లా, పెడన దగ్గర పల్లెటూరు. నలుగురం ఆడవాళ్ళం, మాకు పని నేర్పిన మావయ్య ఒకాయన, మొత్తం ఐదుగురం కలిసి ఊరి సత్రంలో కలంకారీ అద్దకం పెట్టుకున్నాం. కలంతో గీసేది శ్రీకాళహస్తి పని, మాది బందరు (మచిలీపట్నం) వైపు పని, టేకు అచ్చులతో అద్దేది. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు బందరులో కోఠీ పెట్టుకున్నారంటే ఈ తీరం గుడ్డల వ్యాపారం చూసే కదా. అప్పుడూ ఇప్పుడూ ఈ పనికి కావాల్సినవి అవే, కరక్కాయ, పటిక, తుప్పు ఇనుము, బెల్లం, రంగునిచ్చే చెట్ల వేళ్ళు, పారే నీళ్ళు, ఎండ. నేను రాసేదంతా ఈ పనిని మనసులో పెట్టుకునే రాస్తున్నా. మీది కొండపల్లి బొమ్మలో ఏటికొప్పాక లక్కపనో మగ్గమో అయితే బల్లలూ పనిముట్లూ మారతాయి గానీ, పాత బిల్డింగ్‌తో ఎలా మసలుకోవాలి అన్నది మాత్రం ఎవరికైనా ఒకటే.

ముందు కాగితాలు

బిల్డింగ్ ఎవరిదండీ అంటే "ఊరిదే" అంటారు అందరూ. కాగితం మీద మాత్రం అది పంచాయతీది కావచ్చు, దేవాదాయ శాఖది కావచ్చు, సహకార సంఘానిది కావచ్చు, కట్టించిన కుటుంబం పేరున ట్రస్టు ఉండొచ్చు. ఇది తేలకుండా ఒక్క మేకు కూడా కొట్టొద్దు. పంచాయతీది అయితే తీర్మానం కాపీ తీసుకోండి, నోటిమాట వద్దు, ఎందుకంటే సర్పంచ్ మారగానే మాట కూడా మారిపోవచ్చు. దేవాదాయ శాఖది అయితే లీజుకి వేలం పద్ధతి ఉంటుంది, అది ముందే కనుక్కోండి. లీజు ఏడాది దాటితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. అందుకే చాలామంది 11 నెలలకి రాసేసుకుంటారు, కానీ అద్దకం లాంటి పనికి 11 నెలలు ఏ మూలకీ రావు, మొదటి ఏడాదంతా నీళ్ళూ ఎండా అర్థం చేసుకోడానికే సరిపోతుంది. కనీసం ఐదేళ్ళు అడగండి, ఫీజు కట్టి రిజిస్టర్ చేయించుకోండి.

చుట్టుపక్కల కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడో కోటో ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి, దానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలి. వెనకాల పొయ్యిల షెడ్డు వేస్తే అది కూడా కట్టడమే కదా, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

అగ్రిమెంట్‌లో మూడు విషయాలు విడిగా రాయించండి. పైకప్పు కారితే బాగు చేయించే ఖర్చు ఎవరిది, ఊరి అవసరానికి హాలు ఎన్ని రోజులు ఇవ్వాలి, మీరు వెళ్ళిపోయేటప్పుడు మీరు కట్టించిన ట్యాంకులూ షెడ్డూ ఎవరికి చెందుతాయి. రెండోది చిన్న విషయంలా కనపడుతుంది గానీ గొడవలన్నీ అక్కడే పుడతాయి, దాని గురించి చివర్లో చెప్తా.

గోడని చదువుకోవడం

మా సత్రం ముందు భాగం మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలు ఐమూలగా పేర్చి పైన ఇటుక జల్లీ సున్నం వేసి కొట్టిన మిద్దె. లోపల మండువా చుట్టూ బెంగుళూరు పెంకులు. గోడలు రెండడుగుల మందం, మొత్తం గానుగ సున్నంతో కట్టినవే. ఇలాంటి గోడకి చెమ్మ పీల్చుకోవడం, ఎండ రాగానే బయటికి వదిలేయడం అలవాటు. దాని మీద సిమెంటు పూశారంటే లోపలి చెమ్మకి బయటికి దారి ఉండదు, అది ఇంకా పైకి ఎక్కుతుంది, రెండు వానాకాలాలు తిరిగేసరికి సిమెంటు పూత ఉబ్బి తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మా దగ్గర బాగు చేసినవాళ్ళు బయట అంతా చక్కగా సున్నంతో చేసి, ఒక్క గదిలో మాత్రం పని తొందరగా అయిపోవాలని నడుం ఎత్తు దాకా సిమెంటు పూసి పోయారు. మేం ఆ గదినే స్టోర్ రూమ్ చేసుకున్నాం, గోడకి ఆనించి పెట్టిన తానుల అంచులన్నీ ఉప్పు చారలు కట్టాయి.

కాబట్టి "రిపేర్ అయిపోయింది" అని అప్పజెప్పిన బిల్డింగ్ అయినా సరే, నాణెం తీసుకుని గోడంతా తట్టుకుంటూ వెళ్ళండి. సిమెంటు పూత ఉన్నచోట చప్పుడు గట్టిగా ఉంటుంది, ఊడిపోయిన చోట డొల్లగా మోగుతుంది, సున్నం పూత చప్పుడు మెత్తగా ఉంటుంది. సిమెంటు ఉంటే అది తీయించి మళ్ళీ సున్నం పూయించండి, ఖర్చైనా సరే. ఇది మన పల్లెటూళ్ళ చాదస్తం అనుకోవద్దు, హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగా ఖాన్ ట్రస్ట్‌వాళ్ళు మొదలుపెట్టిన పనిలో కూడా, ఇటీవలి దశాబ్దాల్లో వేసిన సిమెంటు పూతలు తీయించి సున్నం పూతలు వేయించారు.

సున్నం పని చేయించేటప్పుడు మేస్త్రి గారిని తొందరపెట్టకండి. తడిపిన సున్నం కనీసం కొన్ని వారాలైనా నీళ్ళల్లో నానాలి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసక, ఒక్కో పూత అరంగుళం మించకూడదు, పూశాక నేరుగా ఎండ తగలకుండా తడి గోనెలు కట్టి వారం పది రోజులు తడుపుతూ ఉండాలి. సిమెంటు నీళ్ళతో గట్టిపడితే సున్నం గాలితో గట్టిపడుతుంది, గాల్లో బొగ్గుపులుసు వాయువుని మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది, అందుకే టైం పడుతుంది. మా మేస్త్రి గారు సున్నంలో కలపడానికి బెల్లం, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు బకెట్లలో తెచ్చి పెట్టుకుంటే మా మావయ్య వాసన చూసి "అరె, ఇది మన గుడ్డ నీళ్ళే కదయ్యా" అన్నాడు. నిజమే, గోడకీ గుడ్డకీ ఒకటే కరక్కాయ. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే కొట్లో ఒకే బస్తా కొనుక్కునేవాళ్ళు.

సున్నం కళ్ళల్లో పడితే చాలా ప్రమాదం, పని జరిగేటప్పుడు పిల్లల్ని లోపలికి రానివ్వద్దు, పక్కన బకెట్టెడు మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఇనుము

ఈ ఒక్క విషయం ఎవరైనా మాకు ముందే చెప్పుంటే 40 మీటర్ల గుడ్డ మిగిలేది, అందుకే ఇది కాస్త విడమర్చి రాస్తున్నా.

అద్దకానికి ముడి గుడ్డని రాత్రంతా నానేసి ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరబెడతాం, కిలో గుడ్డకి 200 గ్రాముల పొడి దాకా పడుతుంది. ఆరాక గుడ్డ లేత పసుపు రంగులోకి వస్తుంది. ఇప్పుడు ఈ గుడ్డకి ఇనుము తగిలితే నలుపు. మేం నల్ల గీతలు అద్దేది కూడా ఆ లెక్కనే, తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి 15, 20 రోజులు పులియబెడితే వచ్చే కసిమి నీళ్ళకి విడిగా చూస్తే పెద్ద నలుపేం ఉండదు, గుడ్డ మీద కరక్కాయ తగలగానే అప్పటికప్పుడు నల్లగా తిరుగుతుంది. ఎంత ఉతికినా పోదు, అదే దాని గొప్ప.

పాత బిల్డింగ్ నిండా ఇనుమే ఉంటుంది కదా. కిటికీ ఊచలు, దూలానికి కొట్టిన కొక్కేలు, ఎప్పుడో ఫొటోలు తగిలించిన మేకులు, మండువా గొట్టం చుట్టూ ఇనప పట్టీ. మేం మొదటి తాను కరక్కాయ పెట్టి హాల్లో తాడు మీద ఆరేశాం, తాడు చివర్లు కిటికీ ఊచలకి కట్టాం. రాత్రి చిన్న జల్లు పడింది. పొద్దున్న చూస్తే గుడ్డ మీద బఠాణీ గింజంత మచ్చలు, వరసగా, చీమలు పాకినట్టు. ఏదో బూజు అనుకున్నాం. మావయ్య ఏమీ అనలేదు, గుడ్డ చెంగు ఒకటి తీసి కొంచెం తడిపి కిటికీ ఊచకి చుట్టి గట్టిగా పట్టుకున్నాడు, పది అంకెలు లెక్కపెట్టి వదిలాడు, చెంగు మీద ఊచ మందం నల్లటి చార. "అమ్మా, ఈ ఇంట్లో ఇనుము కనపడిన చోటల్లా మనకి కసిమి ఉన్నట్టే" అన్నాడు.

అందుకని బల్లలు వెయ్యకముందే ఒకరోజు పెట్టుకుని మొత్తం బిల్డింగ్‌లో ఇనుము వేట చెయ్యండి. అక్కర్లేని మేకులు పీకేయండి, సున్నం గోడలోంచి లాగేటప్పుడు అటూ ఇటూ ఊపకుండా మెలి తిప్పుతూ తీయాలి, లేదంటే అరచెయ్యంత పెచ్చు ఊడొస్తుంది. ఊచలకి తుప్పు గీకించి ప్రైమర్ కొట్టి పెయింట్ వేయించండి. ఆరేసుకోడానికి వెదురు దండేలు, కొబ్బరి తాడు, అంతే, ఇనప తీగ లోపలికే రావద్దు. బకెట్లు ప్లాస్టిక్‌వి తీసుకోండి, రంగు ఉడకబెట్టేది రాగి పాత్ర అయ్యుండాలి, రాగి దొరక్కపోతే స్టెయిన్‌లెస్ స్టీలు. మాలో ఒకామె డబ్బులు కలిసొస్తాయని పాత ఇనప డ్రమ్ము తెస్తే ఒక విడత అందులో ఉడకేశాం, ఎర్రగా రావాల్సిన పువ్వులన్నీ వంకాయ రంగులో తేలాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన పని వల్ల బిల్డింగ్ పాడవకూడదు. కసిమి పుల్లటిది, అది సున్నం నేల మీద ఒలికితే నేలని తినేస్తుంది, కడప బండ కూడా సున్నపురాయే కాబట్టి దాని మీద పడినా నునుపు పోయి మరక ఉండిపోతుంది. కసిమి కుండలు ఎప్పుడూ బయట షెడ్డులోనే, ఇసక పోసిన తొట్టెలో పెట్టుకోండి, లోపలికి ఆ రోజుకి కావాల్సినంత చిన్న మట్టి మూకుడులో తెచ్చుకోండి. అలాగే కొత్తగా సున్నం కొట్టిన గోడ చేత్తో రాస్తే తెల్లగా అంటుకుంటుంది, ఆ పొడి కరక్కాయ గుడ్డ మీద పడ్డా, పటిక అద్దిన గుడ్డ మీద పడ్డా రంగు మారిపోతుంది. బల్ల వెనక గోడకి నాలుగంగుళాలు వదిలి తాటాకు చాపలు వేలాడదీశాం, గోడకి గాలి ఆగలేదు, గుడ్డకి సున్నం తగల్లేదు.

నీళ్ళు

స్టూడియో అనగానే అందరూ బల్లలూ లైట్లూ అంటారు, అద్దకానికి మాత్రం అసలు స్టూడియో అంటే నీళ్ళే. మా ఖర్చులో సగం పైన నీళ్ళకే పోయింది, అది చూసి ఎవరైనా ఎక్కువ అంటే నేను ఒప్పుకోను.

అద్దాక గుడ్డని పారే నీళ్ళల్లోనే ఎందుకు ఉతకాలంటే, అచ్చు దగ్గర ఎక్కువైన పటిక (ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టేది పటిక ఉన్నచోటే), కసిమి వదిలి వస్తాయి, తొట్టెలో నిలవ నీళ్ళయితే అవి పోయి పక్కన తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటాయి, తర్వాత ఉడకబెట్టినప్పుడు అక్కడంతా మసక ఎరుపు. పారే నీళ్ళల్లో అయితే వదిలింది వదిలినట్టు కొట్టుకుపోతుంది. మా సత్రం కాలవ గట్టున ఉంది కాబట్టి సరిపోయింది అనుకున్నాం, కానీ ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు కదా, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఏం చెయ్యాలి? అందుకని పెరట్లో మూడు తొట్లు మెట్లలాగా కట్టించాం, పై తొట్టెలోకి వచ్చిన నీళ్ళు మధ్య దాంట్లోకి, అక్కడ్నుంచి కింద దాంట్లోకి పొర్లుతాయి, గుడ్డని కింద మొదలుపెట్టి పైకి తీసుకెళ్తాం, చివరగా తగిలేది శుభ్రమైన నీళ్ళు. కాలవ అంత బాగా కాదు గానీ పని ఆగలేదు.

బోరు నీళ్ళు వాడేముందు ఒక పరీక్ష. గాజు గ్లాసులో బోరు నీళ్ళు తీసుకుని, వేరే మంచినీళ్ళల్లో నానిన కరక్కాయ రసం నాలుగు చెంచాలు పొయ్యండి, పదినిమిషాలు వదిలేయండి. నీళ్ళు పసుపుగానే ఉంటే పర్లేదు, నీలంగానో బూడిద రంగుగానో తిరిగితే అందులో ఇనుము ఉంది, ఆ నీళ్ళతో ఎరుపు, పసుపు తేలవు. పైసా ఖర్చు లేని పరీక్ష, ల్యాబ్‌కి పంపేముందు ఇది చేస్కోండి. మా వైపు బోర్లల్లో ఉప్పు కూడా ఎక్కువ, అందుకని పెంకుల మీద పడ్డ వాన నీళ్ళు గొట్టంతో పట్టి ట్యాంకులోకి మళ్ళించాం, కరక్కాయ పెట్టడానికి, రంగు ఉడకబెట్టడానికి అవే.

ట్యాంకు మాత్రం పాత మిద్దె మీద పెట్టొద్దు. 1000 లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు, నూరేళ్ళ దూలం ఆ బరువు మొయ్యడానికి కట్టింది కాదు. పెరట్లో విడిగా దిమ్మ కట్టి దాని మీద పెట్టుకోండి. తొట్లు, ఉతికే బండ, అన్నీ గోడ పునాదికి దూరంగా ఉండాలి, గోడ వారన ఏడాది పొడుగునా నీళ్ళు నిలిస్తే అంత ఖర్చుపెట్టి బాగు చేసిన గోడకి మళ్ళీ చెమ్మ ఎక్కుతుంది.

వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. సహజ రంగులు కదా ఏం కాదులే అని కాలవలో వదిలేయడం తప్పు, పటికా ఇనుమూ అందులో ఉంటాయి. మేం గులకా ఇసకా పోసిన ఇంకుడు గుంత తవ్వాం, బావికి దూరంగా, పల్లం వైపు. ఉడికిన ఆకులూ వేళ్ళూ ఎరువు గుంటలోకి వెళ్తాయి.

గదులు ఎలా పంచుకోవాలి

బిల్డింగ్ ఎలా ఉందో దాన్ని బట్టి పనిని సర్దుకోండి, మీ పనికోసం గోడలు పగలగొట్టకండి. మండువా ఇల్లు అద్దకం కోసమే కట్టారా అన్నట్టు ఉంటుంది, మధ్యలో ఎండా గాలీ, చుట్టూ నీడ. ముందు హాలు అద్దకానికి. చీరకి 5.5 మీటర్లు, బ్లౌజ్ పీసుతో కలిపి ఇంకొంచెం, కాబట్టి బల్ల 20 అడుగులు ఉంటే గుడ్డ జరపకుండా చీరంతా ఒకేసారి పరవచ్చు. వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా మనిషి నడవడానికి 3 అడుగులు, అంటే హాలు కనీసం 10 అడుగుల వెడల్పు ఉండాలి. మీ హాలు చిన్నదైతే 10 అడుగుల బల్ల చాలు, గుడ్డ జరుపుకుంటూ అద్దుకోవచ్చు, పూర్వం కింద కూర్చుని చిన్న బల్ల మీదే చేశారు. చెక్క బల్ల మీద గోనెపట్టా నాలుగు మడతలు, దాని మీద పాత కంబళి, పైన ఉతికిన నూలు దుప్పటి లాగి బిగించి కట్టాలి. చెయ్యి పెట్టి నొక్కితే కొంచెం దిగి మళ్ళీ పైకి రావాలి, మరీ మెత్తగా ఉంటే గీతలు అలుక్కుపోతాయి, గట్టిగా ఉంటే అచ్చు మధ్యలో పడదు. ఎత్తు మాత్రం అద్దేవాళ్ళ నడుముని బట్టి పెట్టుకోండి, మాలో పొట్టివాళ్ళు ఎక్కువ, అందుకని రెండున్నర అడుగులకే ఆపాం, మూడడుగుల బల్ల మీద రోజంతా అచ్చు మోదితే భుజాలు పడిపోయాయి.

బల్లని ఉత్తరం కిటికీ పక్కన వేసుకోండి, నేరుగా ఎండ పడదు, రోజంతా ఒకేలాంటి వెలుతురు. రాత్రి పనికి లైట్లు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత ఉన్నవి ఉన్నట్టు కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉందో లేదో చూడండి, మామూలు ఎల్ఈడీ కింద నలుపూ ముదురు గోధుమా ఒకేలా కనపడతాయి, పొద్దున్నే చూస్తే తేడా తెలుస్తుంది.

అచ్చులు పొడిగా ఉండే లోపలి గదిలో, గోడకి తగలని అలమరలో. టేకే అయినా చెమ్మకి సాగుతుంది, ఎండకి పగులుతుంది. కొత్త అచ్చులు కొన్ని రోజులు నూనెలో నానబెట్టి వాడండి, రోజూ పని అయ్యాక మెత్తటి బ్రష్‌తో కడిగి నీడలో బోర్లించండి. దూలాలు చూసుకున్నట్టే అలమర వెనక చెదలు కూడా నెలకోసారి చూస్కోండి.

పొయ్యిలు బయటే. పెరట్లో రేకుల షెడ్డు వేసి, గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ మండువాలోకి రాకుండా కట్టుకోండి. నెత్తిన టేకు దూలాలూ చుట్టూ గుడ్డలూ ఉన్నచోట లోపల మంట అన్న మాటే వద్దు. వైరింగ్ కోసం సున్నం గోడల్లో గాడి కొట్టించకండి, పైపైనే పైపు వేసి లాగించుకోండి, ఎర్త్ గుంట కొత్తది తీయించండి, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పకుండా పెట్టించండి, తడి చేతులతో పని చేసే చోటు ఇది. ఆడవాళ్ళ బాత్రూమ్ మొదటి నెలలోనే కట్టించండి, అది లేని చోటికి ఎవరూ రెండో వారం పనికి రారు.

మనుషులు, పేరు, అమ్మకం

మొదటి ఆరు నెలలు చీరలు మొదలుపెట్టొద్దు. చేతిరుమాళ్ళు, తువ్వాళ్ళు, దిండు గలీబులు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మేం ముందు పటిక అచ్చు ఇస్తాం. పటికకి రంగుండదు కాబట్టి ఎక్కడ అద్దామో కనపడడానికి ఉతికితే పోయే రంగు చుక్క కలిపి, తుమ్మ జిగురుతో చిక్కగా చేస్తాం. ఆదివారం స్కూలు పిల్లలు వస్తే వాళ్ళకీ అదే. ఉతికాక గుడ్డ మీద ఏమీ కనపడదు, "పోయింది అత్తా" అని మొహాలు వేలాడేస్తారు. అప్పుడు రాగి బానలో మంజిష్ఠ (ఎరుపునిచ్చే వేరు), జాజి ఆకు వేసి మరుగుతున్న నీళ్ళల్లో కర్రతో గుడ్డని దించుతాం, పావుగంటకి పైకి లాగి చూపిస్తే ఎవరు అద్దిన పువ్వు వాళ్ళది ఎర్రగా తేలి ఉంటుంది. ఆ అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా సైకిల్ ఆపి లోపలికి వస్తారు. మా దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు అమ్మాయిలు అలా వచ్చినవాళ్ళే. పిల్లల్ని పొయ్యికి ఆరడుగుల దూరంలో తాడు కట్టి ఆపండి.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, ఆ పేరుతో అమ్మాలంటే 1999 చట్టం కింద అధీకృత వాడకందారుగా చెన్నైలో ఉన్న రిజిస్ట్రీలో నమోదు చేయించుకోవాలి. బజార్లో స్క్రీన్ ప్రింట్ గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే పోతోంది, కాబట్టి మీ చీటీ మీద ఏ రంగు వాడారో ఉన్నది ఉన్నట్టు రాయండి, అలిజరిన్ అనే రసాయన ఎరుపు వాడితే అలిజరిన్ అనే రాయండి. హస్తకళల కమిషనర్ ఆఫీసు ఇచ్చే పెహచాన్ కార్డు (చేతిపనివాళ్ళ గుర్తింపు కార్డు) అందరికీ తీయించండి, ప్రభుత్వం పెట్టే మేళాల్లో స్టాల్ అడగాలంటే అదే అడుగుతారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, అందులో అద్దకం లేదు, అది మా అందరికీ బాధే, కానీ తాపీ పని, వడ్రంగం, టైలరింగ్, బొమ్మల తయారీ ఉన్నాయి, మీ బిల్డింగ్ చూసుకునే మేస్త్రి గారికీ మీ దగ్గర కుట్టుపని చేసేవాళ్ళకీ ఆ సంగతి చెప్పండి. పెట్టుబడికి మేమైతే డ్వాక్రా సంఘం లోన్‌తోనే మొదలుపెట్టాం.

అరుగు

సత్రం బాగు చేయకముందు, కప్పు సగం కూలి ఉన్నప్పుడు కూడా, ముందు అరుగు మీద సాయంత్రాలు ఊరి పెద్దవాళ్ళు కూర్చునేవాళ్ళు. మేం వచ్చిన కొత్తల్లో గుడ్డలకి మట్టి అంటుతుందని అరుగుకి గేటు పెట్టించాం. ఎవరూ గొడవ చెయ్యలేదు, మౌనంగా ఎదురుగా రావిచెట్టు కిందకి వెళ్ళిపోయారు. వారం తర్వాత మా మావయ్యే అన్నాడు, "ఆ సుబ్బరంగా కట్టిన అరుగు మీద కుక్క కూడా పడుకోట్లేదమ్మా". ఆయన ఈడు వాళ్ళే వాళ్ళంతా. మర్నాడు గేటు తీయించేశాం.

ఇప్పుడు అరుగు మీద ఆరేయం, సామాను పెట్టం, సాయంత్రం ఐదు తర్వాత అది వాళ్ళది. పండక్కి రెండు రోజులు, ఎవరైనా పోతే ఆ రోజూ మర్నాడూ, గ్రామసభ ఉన్న రోజూ హాలు ఊరికి ఇవ్వాలని అగ్రిమెంట్‌లోనే రాసుకున్నాం. దానికోసం బల్లల్ని పక్కకి జరిపేలా రెండు ముక్కలుగా చేయించాం, కాళ్ళకి రబ్బరు బుడిపెలు వేయించాం, బండలు గీసుకుపోకుండా. గుడ్డలన్నీ ఒక అరగంటలో లోపలి గదిలోకి వెళ్ళిపోవాలి, ఎవరు ఏది మొయ్యాలో గోడకి, మేకుతో కాదు, తాడుతో వేలాడదీసిన పలక మీద రాసుంటుంది. మీరు కూడా మొదటి పండగ రాకముందే ఒకసారి ఖాళీ చేసి చూసుకోండి, మాకు మొదటిసారి మూడు గంటలు పట్టింది, అప్పటికే వాకిట్లో షామియానా బండి వచ్చి నిలబడింది.